నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్ అనే బాధ తప్పించిన క్లిక్కర్: లాజిటెక్ ఆర్400

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. ఉపన్యాసాల్లో స్లైడ్లు దూరం నుంచే మార్చుకునే ఈ రిమోట్, లాజిటెక్ ఆర్400, పాత మోడలే, చూడ్డానికి కూడా ఏమంత గొప్పగా ఉండదు, నల్ల ప్లాస్టిక్ బాడీ, నాలుగైదు బటన్లు, ఒక ఎర్ర లేజరు, అంతే. కానీ ఈ చలికాలమంతా హైదరాబాద్, విజయవాడ, భీమవరం, కాకినాడ అంటూ తిరిగి స్టేజీలు ఎక్కి దిగాక, ఇంట్లోంచి బయల్దేరేముందు బ్యాగులో ఉందా లేదా అని రెండోసారి తడిమి చూసుకునే వస్తువు ఇదే అయింది. మైకు వాళ్ళే ఇస్తారు, ప్రొజెక్టరూ వాళ్ళదే, ల్యాప్‌టాప్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో నెట్టుకొచ్చేయొచ్చు. క్లిక్కర్ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా అందులో సెల్లులుండవు.

మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సభల సీజన్. పెళ్ళి ముహూర్తాల్లాగా అన్నీ ఒకే వారంలో పడతాయి. కాలేజీల టెక్ ఫెస్టులు, కంపెనీల మీటప్‌లు, హైదరాబాద్ హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్లో పెద్ద కాన్ఫరెన్సులు, భాషా సదస్సులు, పైగా హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ పుస్తకాల పండగలు. నేను ఉద్యోగం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో, మాట్లాడేది ఫోన్లలో కంప్యూటర్లలో తెలుగు అక్షరం ఎందుకు విరిగిపోతుందో దాని గురించి. ఒక కాలేజీలో మాట్లాడితే అక్కడి లెక్చరరు గారు తన స్నేహితుడికి చెప్తారు, ఆయన ఇంకో కాలేజీలో పెట్టిస్తారు. ఈ విషయం మీద పిలిచేవాళ్ళే తక్కువ, అందుకని పిలిస్తే వెళ్తాను. దాంతో వారాలకు వారాలు ఒకే తీరు: శుక్రవారం రాత్రి రైలు, శనివారం జ్యోతి ప్రజ్వలన, శాలువా, ఉపన్యాసం, అరటాకులో భోజనం, ఆదివారం తెల్లారేసరికి సికింద్రాబాద్ స్టేషన్‌లో టీ. సోమవారం ఆఫీసులో గొంతు రాదు. ఇంట్లో మిరియాల పాలు ఇచ్చి "ఎవరు చెయ్యమన్నారు ఇదంతా" అంటారు. న్యాయమైన ప్రశ్నే.

ఇలాంటి సీజన్లో అలసట మాట్లాడటం వల్ల రాదు. స్టేజీ ఎక్కిన తర్వాత జరిగే చిల్లర తంటాల వల్ల వస్తుంది. కాలేజీ సెమినార్ హాలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. స్టేజీ మీద ఓ పక్కన పోడియం, దాని మీద మెడ వంచిన మైకు, ల్యాప్‌టాప్ మాత్రం హాలు చివర సౌండ్ సిస్టమ్ పక్కన, అక్కడ ఒక సెకండియర్ కుర్రాడు. మనం "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్" అనాలి, అతను నొక్కాలి. అతను ఫోన్ చూసుకుంటుంటే ఇంకోసారి అనాలి. ఒక్కోసారి ఉత్సాహం కొద్దీ రెండు స్లైడ్లు దాటేస్తాడు.

"ఒకటి వెనక్కి బాబూ."

"ఇదేనాండీ?"

"దానికి ముందుది నాన్నా."

హాల్లో నవ్వులు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, ఎప్పుడు నొక్కాలో అతనికెలా తెలుస్తుంది. కానీ మనం కట్టుకుంటూ వచ్చిన మాట అక్కడ తెగిపోతుంది, మళ్ళీ అతకడానికి రెండు నిమిషాలు పడుతుంది. అందుకే క్లిక్కర్.

ఇది పనిచేసే పద్ధతి చాలా సింపుల్, నాకు నచ్చింది కూడా అదే. కింద చివర్లో గూడు లాంటి ఖాళీలో చిన్న యూఎస్‌బీ రిసీవర్ ఉంటుంది, లాగి ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఆ ల్యాప్‌టాప్ దీన్ని ఒక కీబోర్డు అనుకుంటుంది. ముందుకు నొక్కితే పేజ్ డౌన్, వెనక్కి నొక్కితే పేజ్ అప్, అంతకుమించి తెలివితేటలు లేవు. సాఫ్ట్‌వేర్ ఎక్కించక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు, బ్లూటూత్‌లో జత కలపక్కర్లేదు. కాలేజీ కంప్యూటర్లలో ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే ల్యాబ్ అసిస్టెంటు గారు కావాలి, ఆయన సరిగ్గా ఆ పూటే సెలవులో ఉంటారు. ఆ గొడవే లేదు.

స్లైడ్ తిప్పడానికి పేజ్ డౌన్ మాత్రమే పంపుతుంది కాబట్టి పవర్‌పాయింట్ ఒక్కటే కాకుండా ఫుల్ స్క్రీన్‌లో పెట్టిన పీడీఎఫ్‌కి కూడా పనికొస్తుంది. నాకు ఇదే ముఖ్యం. తెలుగు స్లైడ్లు పవర్‌పాయింట్ ఫైలుగా తీసుకెళ్తే, మనం వాడిన ఫాంటు అక్కడి కంప్యూటర్లో లేకపోతే అది దానికి తోచిన ఫాంటు వేస్తుంది. గౌతమి గానీ నిర్మల యూఐ గానీ వస్తే అదృష్టం, అక్షరాలు నిలుస్తాయి, వరసలు మాత్రం జారిపోయి చివరి లైను స్లైడ్ కిందకి దిగిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ అయితే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, లేదా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. తెలుగు అక్షరాలు విరగడం గురించి మాట్లాడటానికి వెళ్ళి మన స్లైడే విరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది. పీడీఎఫ్, ఈ క్లిక్కర్, రెండూ ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

ఇక బటన్లు. పైన లేజరు, కింద పక్కపక్కనే రెండు పెద్ద బాణాలు, వాటి కింద చిన్నవి రెండు. ఒకటి స్లైడ్ షో మొదలుపెట్టడానికి, రెండోది తెర నల్లగా చెయ్యడానికి. పెద్ద బటన్లకి వంపు ఉంది, చూడకుండానే బొటనవేలికి ఏది ఏదో తెలిసిపోతుంది. చీకటి హాల్లో ఇది చిన్న విషయం కాదు. దీనికి ముందు నా దగ్గర పేరూ ఊరూ లేని క్లిక్కర్ ఒకటుండేది, అన్ని బటన్లూ ఒకే సైజు, ఒక్కసారి నొక్కితే రెండు స్లైడ్లు వెళ్ళేది. ఆ సెకండియర్ కుర్రాడే నయం.

తెర నల్లగా చేసే బటన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ముట్టుకోరు. నా ఉపన్యాసంలో ఒక స్లైడ్ మీద ఒకే ఒక్క అక్షరం పెద్దగా ఉంటుంది: జ్ఞా. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక జోడింపు నిరోధక గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసలో మెసేజ్ వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో ఆ మెసేజ్ చూపించాల్సిన యాప్ మూతపడిపోయేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడేది. ఆపిల్ అదే నెల 19న 11.2.6 అని ఒక అప్‌డేట్ విడుదల చేసి సరిచేసింది. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకున్న వారం అది. ఈ కథ చెప్పేటప్పుడు పిల్లలు ముందు ఫోన్లు తీసి ఆ అక్షరం టైప్ చేసి చూస్తారు, ఏమీ కాదు, నవ్వుతారు. అప్పుడు నేను ఆ చిన్న బటన్ నొక్కుతాను. తెర నల్లబడుతుంది. హాలు మొత్తం ఒక్కసారి తెర వైపు నుంచి మన వైపు తిరుగుతుంది, ఏమైనా పోయిందేమోనని. అసలు చెప్పాల్సిన సంగతి, అంటే ఒక కంపెనీ టెస్టింగ్‌లో తెలుగు రాసేవాడు ఒక్కడుంటే ఏం జరిగేదన్నది, అప్పుడు చెప్తే దిగుతుంది. మళ్ళీ నొక్కితే స్లైడ్ వచ్చేస్తుంది. వెనకాల ఆపరేటరు పరిగెత్తుకొచ్చి కేబుల్ పీకి పెట్టకుండా ముందే చెప్పి ఉంచుకోండి, కొందరు కంగారు పడతారు.

దాని పక్క బటన్ మాత్రం జాగ్రత్త. స్లైడ్ షో బటన్ పంపేది ఎఫ్5, మళ్ళీ నొక్కితే ఎస్కేప్. పవర్‌పాయింట్‌లో బాగానే ఉంటుంది. స్లైడ్లు బ్రౌజర్‌లో చూపించే అలవాటున్నవాళ్ళకి, అంటే ఈ మధ్య ప్రోగ్రామర్లలో చాలామందికి, ఎఫ్5 అంటే పేజీ రీలోడ్. నెట్ సరిగ్గా లేని హాల్లో ఆ బటన్ మీద వేలు పడితే ఖాళీ పేజీ, తిరుగుతూ ఉండే గుండ్రటి గుర్తు. మీది బ్రౌజర్ బ్యాచ్ అయితే ఆ బటన్ మీద సెల్లోటేపు ముక్క అంటించుకోండి, వేలికి గరుకుగా తగులుతుంది, నొక్కకుండా ఆగుతారు.

లేజరు విషయానికొస్తే నేను దాదాపు వాడటం మానేశాను. ఇందులో ఉన్నది ఒక మిల్లీవాట్ లోపు ఉండే క్లాస్ 2 ఎర్ర లేజరు, తెల్ల తెర మీద ప్రొజెక్టరుంటే చక్కగా కనిపిస్తుంది. కానీ ఇప్పుడు పెద్ద సభలన్నీ ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నాయి, పెళ్ళి రిసెప్షన్లలో పెట్టేదే. తెల్ల తెర పడిన వెలుతురుని మన కళ్ళకి తిప్పి కొడుతుంది కాబట్టి చుక్క కనిపిస్తుంది. ఎల్‌ఈడీ గోడ తనంతట తానే వెలుగుతుంది, వెనకున్నదేమో నల్లటి పూత, అందులో ఈ చుక్క కలిసిపోతుంది. మనం మాత్రం స్టేజీ మీద చెయ్యి ఊపుతూ "ఇక్కడ చూడండి" అంటుంటాం, చూసేవాళ్ళకి ఏమీ కనపడదు. యూట్యూబ్‌లో లైవ్ పెడితే ఇంకా అన్యాయం, వాళ్ళు స్లైడ్లు నేరుగా ల్యాప్‌టాప్ నుంచి తీసుకుంటారు, చుక్క అందులోకి రానే రాదు. చూపించాల్సింది ఉంటే స్లైడ్ మీదే బాణం గుర్తు గీసి పెట్టుకోండి. లేజరు వాడకపోతే సెల్లులు కూడా ఎక్కువ కాలం వస్తాయి. పిల్లలున్న ఇంట్లో మాత్రం ఇది ఆటవస్తువు కాకుండా చూసుకోండి, చిన్న లేజరైనా కళ్ళలోకి కొట్టకూడదు.

సెల్లులంటే గుర్తొచ్చింది, ఏసీ రిమోట్‌లో వేసే సన్నవి రెండు వేస్తే చాలు. ఇది పాత పద్ధతి అని కొందరు అంటారు, నాకు ఇదే ప్లస్ పాయింటు. కాకినాడలో ఉదయం తొమ్మిదింటికి క్లిక్కర్ చచ్చిపోతే కాలేజీ గేటు ఎదుటి కిరాణా కొట్లో సెల్లులు దొరుకుతాయి, చార్జింగ్ కేబుల్ కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. అదే కంపెనీ స్పాట్‌లైట్ అనే ఖరీదైన మోడల్ అమ్ముతుంది, అది చార్జింగ్ రకం, నిమిషం పెడితే మూడు గంటలు వస్తుందని కంపెనీ చెప్తుంది. అందులో లేజరు బదులు తెర మీదే ఒక గుండ్రటి వెలుగు మచ్చ చూపించే సదుపాయం ఉంది, ఎల్‌ఈడీ గోడ మీదా లైవ్‌లోనూ కనిపిస్తుంది, మంచి ఆలోచనే. కాకపోతే దానికి ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. మీ సొంత ల్యాప్‌టాప్‌తోనే ఎప్పుడూ మాట్లాడేవాళ్ళైతే దాన్ని చూడండి. నాలాగా ఊరికో కంప్యూటరుతో నెట్టుకొచ్చేవాళ్ళకి దండగ.

ఇప్పుడు ఇబ్బందులు. కంపెనీ చెప్పే దూరం 15 మీటర్లు. స్టేజీ మీదే ల్యాప్‌టాప్ ఉంటే ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ నొక్కొచ్చు, ఏ ఇబ్బందీ లేదు. ల్యాప్‌టాప్ హాలు చివర ఉంటే మాత్రం నమ్ముకోకండి, మధ్యలో వందల మంది, అందరి జేబుల్లోనూ వైఫై, బ్లూటూత్, ఇది నడిచేది కూడా అవి వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీదే. అందుకే నేను వెళ్ళగానే మొదట అడిగేది ల్యాప్‌టాప్ పోడియం దగ్గరికి తెప్పించమని. కుదరదంటే కనీసం రిసీవర్ని ల్యాప్‌టాప్ వెనక దాక్కోకుండా జనం వైపున్న పోర్టులో పెట్టించమని. ఇంకో చిట్కా: నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్కు లాంటిది నడుస్తుంటే దాని పక్కనే రిసీవర్ పెట్టొద్దు. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఈ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. వైర్‌లెస్ మౌస్ ఒక్కోసారి ఊరికే తడబడటానికి కారణం కూడా ఇదే కావచ్చు. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవర్ని జానెడు దూరం జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో పెద్ద యూఎస్‌బీ పోర్టే ఉండటం లేదు, అన్నీ టైప్ సీ. దీని రిసీవర్ పాత రకం. కన్వర్టర్ ఒకటి బ్యాగులో పడేసుకోవాల్సిందే. అలాగే ఈ రిసీవర్ ఆ కంపెనీ మౌస్‌లకీ కీబోర్డులకీ వచ్చే యూనిఫైయింగ్ రకం (ఒకే రిసీవర్‌కి చాలావాటిని కలుపుకునేది) కాదు, కాబట్టి ఇది పోతే ఇంట్లో ఉన్న మౌస్ రిసీవర్‌తో నడవదు. ఉపన్యాసం అవ్వగానే జనం చుట్టుముడతారు, సెల్ఫీలు, మెమెంటో, భోజనానికి పదండి అంటూ ప్రిన్సిపాల్ గారు, ఆ హడావుడిలో రిసీవర్ వాళ్ళ కంప్యూటరుకే ఉండిపోవడం వక్తలందరికీ తెలిసిన కథే. క్లిక్కర్‌కి ఎర్ర దారం కట్టి, దాని రెండో కొస రిసీవర్‌కి అంటించుకున్న ఒకాయన్ని భాషా సదస్సులో చూశాను. నేనింకా అంత దూరం పోలేదు.

దీనితో నాకున్న అసలు గొడవ టైము. మన సభల్లో చెప్పిన టైముకి ఏదీ మొదలవదు. ముఖ్య అతిథి ఆలస్యం, స్వాగతోపన్యాసం, నివేదిక, సన్మానం, ఈలోగా మన నలభై నిమిషాలు కాస్తా పదిహేనవుతాయి. నిర్వాహకులు దగ్గరకొచ్చి చెవిలో "కొంచెం క్లుప్తంగా సార్, లంచ్ రెడీ అయిపోయింది" అంటారు. అప్పుడు నడిమి స్లైడ్లు వదిలేసి చివరికి దూకాలి. కీబోర్డు దగ్గరుంటే పవర్‌పాయింట్‌లో స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా వెళ్ళిపోవచ్చు. క్లిక్కర్‌తో అది కుదరదు, టకటకా నొక్కుకుంటూ పోవాల్సిందే, తెర మీద బొమ్మలు పరిగెడుతుంటాయి, జనానికి మనం ఏదో దాచేస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకని ఇప్పుడు ప్రతి ఉపన్యాసానికి రెండు పీడీఎఫ్‌లు పట్టుకెళ్తున్నాను, పెద్దదొకటి, చిన్నదొకటి. ఏది తెరవాలో ముఖ్య అతిథి కారు గేటులోకి వచ్చిన టైముని బట్టి తేలుతుంది.

దీనికి అన్నలాంటి ఆర్800 మోడల్లో చిన్న తెర మీద టైమరుంటుంది, అయిదు నిమిషాలుండగా, రెండు నిమిషాలుండగా, అయిపోగానే చేతిలో సన్నగా వణుకుతుంది. లేజరు ఆకుపచ్చ, దూరం 30 మీటర్లు. స్నేహితుడి దగ్గర తీసుకుని ఒక కాన్ఫరెన్స్‌లో వాడాను, చాలా బాగుంది, టైము ఖచ్చితంగా పాటించే చోట దానికి తిరుగులేదు. కాలేజీ సభల్లో మాత్రం టైమరు ఎన్నింటికి పెట్టుకోవాలో వాళ్ళకే తెలియదు.

ఇంకో వాడకం ఉంది, దాని కోసం కొనలేదు గానీ ఇప్పుడు ఎక్కువ అదే. మా తాతగారు గోదావరి లంక ఊళ్ళో బడిపంతులు, డైరీలు రాసేవారు. గొలుసుకట్టు రాత, మా పిల్లల తరం చదవలేదు. వాటిని స్కాన్ చేసి, ఒక్కో పేజీ గట్టిగా చదివి రికార్డు చేస్తున్నాను. రాత్రి పది దాటాక, వీధిలో చప్పుళ్ళు తగ్గాక, చేస్తున్న పని. ల్యాప్‌టాప్ మైకు దగ్గర పెడితే దాని ఫ్యాను హోరు మొత్తం రికార్డింగులోకి వస్తుంది. అందుకని దాన్ని హాల్లో టీవీకి తగిలించి దూరంగా పెట్టేసి, నేను గది గుమ్మంలో మైకు ముందు కూర్చుని, టీవీలో కనిపించే పేజీని క్లిక్కర్‌తో తిప్పుకుంటాను. పీడీఎఫ్ కాబట్టి ఇక్కడా అదే పేజ్ డౌన్. బటన్ నొక్కినప్పుడు చిన్న టక్ మనే శబ్దం మైకులో పడుతుంది, మొదట్లో చిరాకేసింది. తర్వాత చూస్తే ఎడిటింగ్‌లో అదే పనికొస్తోంది, శబ్దరేఖలో సూదిమొనలా ఒక గీత పైకి లేచి ఉంటుంది, అక్కడ కొత్త పేజీ మొదలైందని కంటికి తెలిసిపోతుంది. పేజీ తిప్పేముందు రెండు క్షణాలు ఆగితే ఆ టక్‌ని కత్తిరించడమూ తేలికే.

ఈ సీజన్లో ఆ పని పెద్దగా సాగలేదు. 1986 ఆగస్టు వరదల దగ్గర ఆగింది. నీళ్ళు అరుగు ఎక్కినట్టు, బడి బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటి మీద రిజిస్టర్లు పెట్టినట్టు రాశారు, ఆ తర్వాత కొన్ని పేజీలు తడిసి సిరా పాకిపోయి ఉన్నాయి. అవి చదవాలంటే నిద్రపోయి లేచిన కళ్ళు కావాలి, రైలు దిగొచ్చిన కళ్ళతో కాదు. వచ్చే ఏడాది సంక్రాంతి ముందు వారాలు ఎవరికీ ఒప్పుకోనని ఇంట్లో చెప్పాను. నవ్వారు. ఫిబ్రవరిలో ఇంకో కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారని అప్పటికే వాళ్ళకి తెలుసు మరి.

కొనే ముందు ఒకటి రెండు మాటలు. నేను కొన్నప్పుడు రెండు వేల పైచిలుకు పడింది, ఆన్‌లైన్‌లో రేటు మారుతూ ఉంటుంది, కాస్త చూసి తీసుకోండి. ఏడాదికొక్కసారి ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్ళకి అక్కర్లేదు, ఫోన్‌నే రిమోట్‌గా వాడుకునే యాప్‌లున్నాయి, నెట్ బాగుంటే సరిపోతాయి. లెక్చరర్లకి, ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళకి, సభలకి తిరిగేవాళ్ళకి మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు. ఇలాంటివే అచ్చు ఇదే ఆకారంలో పేరు మార్చి అమ్మేవి కూడా బజార్లో ఉన్నాయి, కాబట్టి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట కొంటే కౌంటర్ దగ్గరే డబ్బా విప్పించి, కింద గూట్లో రిసీవర్ ఉందో లేదో చూసి, వాళ్ళ కంప్యూటర్లోనే గుచ్చి రెండు స్లైడ్లు ముందుకీ వెనక్కీ నొక్కి చూసుకోండి. బిల్లు మీద వారంటీ ముద్ర వేయించుకోండి. సీజన్ అయిపోయాక సెల్లులు తీసి పక్కన పెట్టండి, లోపలే కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి.